అతుకు కనిపించని కొండ

రైలు నమూనాల నిర్మాణం అమెరికా, జర్మనీ, బ్రిటన్, జపాన్ వంటి దేశాల్లో పిల్లల ఆటబొమ్మల స్థాయిని ఏనాడో దాటిపోయి, వడ్రంగం, విద్యుత్తు, చిత్రలేఖనం, భూగోళ పరిజ్ఞానం కలగలిసిన గంభీరమైన వ్యాపకంగా ఎదిగింది. నిజమైన రైలుమార్గాన్ని ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు మాత్రమే గాక ఆ పట్టాలు సాగే కొండలు, లోయలు, వాగులు, ఊళ్లు సైతం ఒక చెక్క చట్రం మీద నిలబెట్టడం ఈ వ్యాపకంలోని ప్రధానమైన పని. ఎక్కువమంది వాడే నిష్పత్తిని హెచ్‌ఓ అంటారు. అందులో అసలు వస్తువులోని ప్రతి 87 మి.మీ. నమూనాలో 1 మి.మీ. అవుతుంది, పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. ఉంటుంది. దీనికంటే చిన్నదైన ఎన్ అనే నిష్పత్తి 1:160 కాగా, అందులో పట్టాల ఎడం 9 మి.మీ. మాత్రమే.

ఈ కుదింపు వల్ల ఒక విచిత్రమైన ఇబ్బంది పుడుతుంది. కొండలను, గట్లను కుదించవచ్చు గాని, వాటిని కట్టడానికి నేడు వాడే ఫోమ్ పలకల మధ్య మిగిలే సందులు కుదించుకుపోవు. ఇంటి గోడలో 3 మి.మీ. బీటను సున్నం వేసేవారు సైతం పట్టించుకోకపోవచ్చు. హెచ్‌ఓ కొండవాలు మీద అదే 3 మి.మీ. సందు ఆ చిన్న లోకపు కొలతల్లో 26 సెం.మీ. వెడల్పున్న చీలిక అవుతుంది, ఎన్ నిష్పత్తిలోనైతే 48 సెం.మీ. అవుతుంది. పైగా అది తాడు పట్టి గీసినట్టు తిన్నగా సాగుతుంది. నేల మీద తిన్నని గీతలు చాలావరకు రోడ్లు, కాలువగట్లు, పట్టాల వంటి మనిషి చేతి పనులకే చెందినవి కనుక, గడ్డికీ రాళ్లకూ నడుమ అలాంటి గీత కనిపిస్తే చూపు మొదట అక్కడికే పోతుంది, ఆ మరుక్షణమే అది కొండ కాదనీ పక్కపక్కన ఆనించిన రెండు పలకలనీ తెలిసిపోతుంది. సందులు పూడ్చడం ఈ కళలో అప్రధానమైన పనిగా లెక్కకు వస్తుంది గాని, ఎంతో శ్రమతో కట్టిన దృశ్యాలు తేలిపోయేది తరచుగా ఇక్కడే.

ఫోమ్ రాకముందు ఈ సమస్య ఇంత తీవ్రంగా ఉండేది కాదు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో కొండలను ఇనుప తీగల వల మీదనో, అట్టపట్టీల అల్లిక మీదనో ప్లాస్టర్ పూసి తయారుచేసేవారు. అమెరికాలోని మిల్వాకీ నగరం నుంచి 1934లో వెలువడడం మొదలైన ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన లిన్ వెస్ట్‌కాట్, గట్టిరకం ప్లాస్టర్ జావలో ముంచిన కాగితపు తువ్వాళ్లను ఒకదాని మీద ఒకటి పరిచి పలుచని పెంకువంటి నేలను రూపొందించే పద్ధతికి విస్తృత ప్రచారం కల్పించాడు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ తన ఇంటి కిందిభాగంలో కట్టిన ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అనే నమూనా మార్గం, గది నేల మొదలుకొని పైకప్పు దాకా లేచిన కొండలతో ఆ తరం వారందరినీ ప్రభావితం చేసింది. 1973 జనవరిలో అలెన్ మరణించిన కొద్ది రోజులకే అది అగ్నిప్రమాదంలో చాలావరకు నాశనమైంది. ప్లాస్టర్ పద్ధతిలో పూత తడిగా ఉండగానే ఒక భాగం మరొక భాగంలో కలిసిపోతుంది కాబట్టి అతుకు అనే ప్రశ్న దాదాపుగా రాదు. బరువు, తడి, గదంతా చిందే సున్నపు మరకలు మాత్రం తప్పవు. గట్టిపడిన ప్లాస్టర్ ఘనమీటరుకు 1,000 కిలోలకు పైగా తూగితే, నేడు దాని స్థానంలోకి వచ్చిన ఫోమ్ సుమారు 30 కిలోలే తూగుతుంది.

ఫోమ్ అనగానే తెలుగు పాఠకుడికి తోచేది థర్మోకోల్. రసాయనపరంగా అదీ, నమూనాలకు వాడే ఫోమూ పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్కే అయినా తయారీలో తేడా ఉంది. థర్మోకోల్‌ను చిన్న పూసలను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో ఒకదానికొకటి అంటుకునేలా చేసి తయారుచేస్తారు. అందువల్ల దాన్ని కోస్తే పూసలు ఊడివచ్చి అంచు గుంటలు గుంటలుగా మిగులుతుంది. నమూనాలకు ఎక్కువగా వాడేది కరిగిన పాలిస్టైరీన్‌లోకి వాయువును ఎక్కించి, సన్నని నోటి గుండా ఒత్తి తీసిన పలక. దాని లోపలి గాలిగదులు మూసుకుపోయి, సమంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక అది నీటిని పీల్చదు, కత్తికి శుభ్రంగా తెగుతుంది, ఆకురాయికి చక్కగా అరుగుతుంది. స్వీడన్ దేశీయుడు కార్ల్ మంటర్స్ 1930లలోనే ఈ తరహా తయారీకి పేటెంటు పొందగా, 1940ల తొలినాళ్లలో అమెరికాలోని డౌ కంపెనీ దాన్ని స్వతంత్రంగా తిరిగి కనుగొని, హక్కులు సంపాదించి, స్టైరోఫోమ్ పేరుతో విపణిలోకి తెచ్చింది. ఇళ్ల గోడల్లో వేడిని, చలిని ఆపడానికి ఉద్దేశించిన ఈ పలకలు అమెరికాలో 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవుతో దొరుకుతాయి. డౌ తెచ్చిన పలక చాలాకాలం నీలంగా ఉండేది, ఓవెన్స్ కార్నింగ్ పలక గులాబీ. ఆ గులాబీ రంగును ఆ కంపెనీ గాజునార ఉత్పత్తికి వ్యాపార చిహ్నంగా నమోదు చేయవచ్చని 1985లో అమెరికా న్యాయస్థానం ఒప్పుకుంది. కంపెనీ అంత పట్టుదలతో కాపాడుకున్న రంగును ఎక్కడా పొడసూపకుండా కప్పిపెట్టడమే నమూనా నిర్మాతల మొదటి ఆరాటం కావడం సరదాగా ఉంటుంది.

సందులు అన్నీ ఒకే చోట పుట్టవు, ఒకే తీరున ప్రవర్తించవు. పక్కపక్కన ఆనించిన పలకల మధ్య నిలువు అతుకు ఏర్పడుతుంది. ఎత్తు కోసం ఒకదానిపై ఒకటి పేర్చిన పలకల మధ్య అడ్డగీతలు మిగులుతాయి. ఫోమ్ ఎక్కడ ముగిసి చెక్క చట్రం ఎక్కడ మొదలవుతుందో అక్కడ మరొక రకపు సందు ఉంటుంది. సొరంగం ముఖద్వారం, వంతెన కొసను మోసే అబట్‌మెంట్, ఇంటి పునాది వంటి విడిగా చేసిన వస్తువులను ఫోమ్‌లోకి దించినచోట చుట్టూ సన్నని ఖాళీ కనిపిస్తుంది. వీటిలో కొన్ని ఒకసారి పూడిస్తే ఎప్పటికీ కదలవు, కొన్ని రుతువు మారినప్పుడల్లా కదులుతాయి. కదిలే సందుకూ కదలని సందుకూ ఒకే మందు వేయడం వల్లనే చాలా పనులు ఏడాది తిరగకుండా బీటలు వారుతాయి.

కదలని సందు విషయంలో పాటించవలసిన సూత్రం ఒకటుంది: పూడ్చే పదార్థం తన చుట్టూ ఉన్న పదార్థం కంటే గట్టిది కాకూడదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఇది తేటపడుతుంది. జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, దానిలోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోగొట్టగా వచ్చే పొడి ఇది. మళ్లీ నీరు కలిపితే పోయిన నీటిని తిరిగి తీసుకుని, వేడిని వెలువరిస్తూ, అరగంట లోపే రాయిలా గట్టిపడుతుంది. చౌకైనది, ఎక్కడైనా దొరికేది కావడం వల్ల కొత్తవారు సందు కనబడగానే దీనినే నింపుతారు. గట్టిపడ్డాక ఉప్పు కాగితం, అంటే వడ్రంగులు చెక్క నునుపు చేయడానికి వాడే గరుకు కాగితం, పెట్టి రుద్దినప్పుడు మెత్తని ఫోమ్ చటుక్కున అరిగిపోతుంది, మధ్యనున్న ప్లాస్టర్ మాత్రం అలాగే నిలుస్తుంది. ఎంత రుద్దితే ప్లాస్టర్ పట్టీ అంత ఎత్తుగా తేలుతుంది. పల్లంగా ఉండవలసిన సందు గట్టుగా మారుతుంది. పైగా ఫోమ్ నీటిని పీల్చదు కనుక ప్లాస్టర్‌కు దానిలోకి వేళ్లూనే అవకాశం ఉండదు. అంచుల వద్ద కొద్దిపాటి దెబ్బ తగిలినా పెచ్చులు లేచి, లోపలి తెలుపు బయటపడుతుంది.

మెత్తని ఆధారానికి దాని జాతికే చెందిన పూరకం వాడాలన్న గ్రహింపు తెలుగు నేలకు కొత్తది కాదు. కొండపల్లి బొమ్మల కళాకారులు తేలికైన తెల్ల పొణికి చెక్కతో బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, మక్కు అనే ముద్దతో వాటిని అతికి, అదే ముద్దతో అతుకుల ఒంపులు దిద్దుతారు. చింతగింజల పిండికి రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. అందులోని పొట్టు చెక్కే కనుక, ఆరిన మక్కు చెక్కతో పాటే అరుగుతుంది. ఆపైన సున్నపు పూత పడ్డాక అతుకు ఎక్కడుందో తెలియదు, రంగులు రెండింటి మీదా ఒకే తీరున నిలుస్తాయి. పూరకం, ఆధారం, వాటి రెండింటినీ ఏకం చేసే పూత అనే ఈ మూడంచెల క్రమమే ఫోమ్ కొండలకూ వర్తిస్తుంది.

ఫోమ్‌కు మక్కు వంటిది తేలికరకం లప్పం. గోడల మీద చిన్న గుంటలు పూడ్చడానికి అమ్మే ఈ ముద్దలో సుద్దపొడికి బదులు, లేదా దానితో పాటు, కంటికి కనిపించనంత సన్నని బోలు గాజుపూసలు ఉంటాయి. అందుకే డబ్బా చేతిలోకి తీసుకుంటే ఖాళీదేమోననిపిస్తుంది. ఆరిన తర్వాత దీని మెత్తదనం ఫోమ్ మెత్తదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసి అరుగుతాయి, పైగా ఇది కుంచించుకుపోవడం కూడా తక్కువే. అమెరికాలో నమూనాల సామగ్రి తయారుచేసే వుడ్‌లాండ్ సీనిక్స్ సంస్థ ఫోమ్ పుట్టీ పేరుతో అమ్మేది ఈ కోవలోనిదే. మామూలు గోడ లప్పాన్నీ, జిప్సం పలకల అతుకులకు వాడే ముద్దనూ వాడకూడదని కాదు. అయితే అవి ప్లాస్టర్‌లా రసాయన చర్యతో గట్టిపడవు, నీరు ఆవిరైపోగా ఆరుతాయి, నీరు పోయిన మేరకు కుంచించుకుపోతాయి. అందువల్ల లోతైన సందును ఒక్కసారే నింపితే పైపొర ముందు ఆరి, లోపలిది తర్వాత కుంచించుకుని, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు వస్తాయి. 3 మి.మీ. మించని పొరలుగా వేసి, ఒక్కో పొర పూర్తిగా ఆరేదాకా ఆగడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

సందు వెడల్పు సెంటీమీటరు దాటిందంటే ముద్దతో నింపాలన్న ఆలోచనే సరైనది కాదు. కోతలో మిగిలిన ఫోమ్ ముక్కనే ఒక కొసన సన్నగా, మరొక కొసన లావుగా సీలలా చెక్కి, బంక రాసి సందులోకి దింపి, బంక ఆరాక పైకి తేలిన భాగాన్ని పలుచని కత్తితో కోసేస్తే, పెద్ద ఖాళీ రెండు సన్నని గీతలుగా మారిపోతుంది. ఆ రెండు గీతలకు మాత్రమే లప్పం సరిపోతుంది. ఖర్చు లేని ఈ పద్ధతిని అనుభవజ్ఞులు అందరికంటే ముందు చెబుతారు, కొత్తవారు అందరికంటే చివర పాటిస్తారు.

బంక ఎంపికలో ఒక ప్రమాదం పొంచి ఉంది. పాలిస్టైరీన్‌ను అసిటోన్, టోలుయీన్ వంటి ద్రావకాలు కరిగిస్తాయి. తోలు, రెక్సిన్ అతికించే పసుపురంగు రబ్బరు బంకల్లో, డబ్బాతో చిమ్మే రంగుల్లో ఈ ద్రావకాలు ఉంటాయి కనుక, వాటిని పూసినచోట ఫోమ్ నిమిషాల్లో గుంటపడిపోతుంది. మామూలు సూపర్ గ్లూ కూడా అదే పని చేస్తుంది. నీటితో పలుచనయ్యే తెల్ల బంక, అంటే వడ్రంగులు వాడే ఫెవికాల్ తరహాది, ఫోమ్‌కు ఏ హానీ చేయదు గాని, దానికి మరొక లోపముంది. అది ఆరాలంటే నీరు ఎటో ఒకవైపు పోవాలి; రెండు వెడల్పాటి ఫోమ్ పలకల మధ్య చిక్కుకున్న బంకలోని నీటికి దారి లేక, అంచుల దగ్గర గట్టిపడినా నడిమిభాగం రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఆ సమయంలో పైన బరువు పెట్టకపోతే పలకలు జరిగి, లేని సందు కొత్తగా పుడుతుంది. ఫోమ్ కోసమే తయారైన నిర్మాణపు బంకలు ఈ విషయంలో నయం. ఏది వాడినా ముందుగా ఒక వృథా ముక్క మీద పూసి, మరునాడు చూసి గాని పనిలోకి దిగకూడదు.

చిమ్మితే ఉబ్బే పాలీయురెథేన్ ఫోమ్, అంటే తలుపు చట్రాలకూ గోడలకూ మధ్య ఖాళీలను నింపడానికి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే పీయూ ఫోమ్, చూడ్డానికి ఈ సమస్యలన్నిటికీ ఒకే పరిష్కారంలా ఉంటుంది. బంకా అదే, పూరకమూ అదే. చేతికి అంటితే రోజుల తరబడి వదలదు కాబట్టి తొడుగులు తప్పనిసరి. దాని ఆవిరిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి కాబట్టి గాలి ఆడే చోటే వాడాలి. అసలు చిక్కులు ఇవి కావు, వేరే రెండున్నాయి. మొదటిది దాని బలం: ఇరుకైన సందులో ఉబ్బేటప్పుడు సరిగా అతుకని పలకలను పైకెత్తేస్తుంది, పట్టాల కింద పడితే సమంగా ఉన్న మార్గాన్ని వంకరచేస్తుంది. రెండోది దాని దాహం: అది గాలిలోని తేమతో చర్య జరిపి గట్టిపడుతుంది, నీటిని పీల్చని రెండు ఫోమ్ పలకల నడుమ లోతుగా చిమ్మితే తేమ అందక లోపల జిగటగానే మిగిలిపోతుంది. సందును ముందుగా నీటి తుంపరతో తడపడం, తక్కువ ఉబ్బే రకాన్ని ఎంచుకోవడం, అవసరమైన దానిలో సగమే నింపి ఆగడం అనే జాగ్రత్తలు తీసుకున్నప్పుడు కొండ లోపలి పెద్ద బోలును నింపడానికి అది పనికొస్తుంది. పైకి కనిపించే అతుకుకు పనికిరాదు. ఎందుకంటే దాని పైతోలు గట్టిగా, కోస్తే లోపల పెద్ద పెద్ద బుడగలతో ఉంటుంది, వాటిని మళ్లీ లప్పంతోనే పూడ్చవలసి వస్తుంది.

కదిలే సందుల సంగతి వేరు. పాలిస్టైరీన్ ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో లక్షకు సుమారు 6 నుంచి 7 వంతులు పెరుగుతుంది. ఇది చిన్నదిగా తోచినా, 2.4 మీటర్ల పలక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు మారితే ఆ పెరుగుదల 2 మి.మీ. దాటుతుంది, అదే పొడవున్న చెక్క తన నార వెంబడి పెరిగేది దానిలో పదో వంతు కూడా ఉండదు. చెక్క వేడికి కాక తేమకు స్పందిస్తుంది: వానాకాలంలో నారకు అడ్డంగా ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఒకటి వేడికి, మరొకటి తేమకు కదిలే రెండు పదార్థాలు కలిసేచోట గట్టి ముద్ద ఏది నింపినా అది ఏదో ఒకనాడు విడిపోక తప్పదు. అమెరికాలో కార్ల షెడ్లలో, భూగృహాల్లో నిర్మించే నమూనాలకు ఈ బెడద ఎక్కువ. ఏసీ లేని తెలుగు జిల్లాల ఇళ్లలో జనవరికీ మేకీ మధ్య గది ఉష్ణోగ్రతలో వచ్చే తేడా కూడా దీనికి తక్కువేమీ కాదు. అలాంటిచోట ఆరిన తర్వాత కూడా రబ్బరులా సాగే యాక్రిలిక్ సీలెంట్‌ను గొట్టంతో నింపి, తడి వేలితో అదిమి, అంచులు పలుచన చేయాలి. సిలికాన్ సీలెంట్ అంతకంటే బాగా సాగుతుంది గాని దాని మీద రంగు నిలవదు, కనుక అది ఇక్కడ పూర్తిగా నిష్ప్రయోజనం.

ఫోమ్‌కు ఫోమ్‌కు మధ్యనే ఉన్న పొడవాటి అతుకు మీద మాత్రం వంతెనలా ఒక వస్త్రాన్ని వేయడం మేలు. ఎముక విరిగితే వేసే పిండికట్టుకు వాడే ప్లాస్టర్ గుడ్డనే నమూనా నిర్మాతలు వాడతారు. దాన్ని నీటిలో ముంచి, అతుకుకు ఇరువైపులా నాలుగేసి వేళ్ల మేర పడేలా పరిస్తే, లోపలి నూలు అల్లిక లాగుడును పంచుకుంటుంది, బీట ఒకే గీతలో పడదు. ఈ గుడ్డ కింద ఫోమ్‌ను గీతలు పెట్టి గరుకు చేయడం మరవకూడదు. ముఖ్యంగా వేడి తీగతో కోసిన ముఖాల మీద ప్లాస్టిక్ కరిగి గట్టిపడిన నున్నని పొర ఉంటుంది, ఏ పూతా దాన్ని పట్టుకోదు. వేడి తీగ కోతలో వెలువడే పొగ ఆరోగ్యానికి మంచిది కాదనీ, ఆకురాయితో రుద్దినప్పుడు రేగే ధూళి స్థిరవిద్యుత్తు వల్ల పట్టాలకు, ఇంజన్లకు అంటుకుంటుందనీ చెబితే, ఈ రెంటికీ తీసుకోవలసిన జాగ్రత్తలు వేరుగా చెప్పనక్కర్లేదు.

సందు నిండినంత మాత్రాన అతుకు పోదు. నిండిన పట్టీ నునుపుగా, చుట్టుపక్కల నేల గరుకుగా ఉంటే గీత మరొక రూపంలో మిగులుతుంది. అందువల్ల చాలామంది చివరి పూతగా కాగితపు గుజ్జు కలిసిన ప్లాస్టర్‌ను ఎంచుకుంటారు. అమెరికాలో స్కల్ప్టమోల్డ్ పేరుతో దొరికే ఆ పొడి నీటిలో కలిపితే గడ్డలు గడ్డలుగా, నిజమైన నేలలా ఉండే ముద్ద అవుతుంది. లూ సాసీ అనే ప్రసిద్ధ నిర్మాత ప్రచారంలోకి తెచ్చిన మిశ్రమం మరింత తెలివైనది. కాగితపు గుజ్జు మట్టి, తోటపనిలో వాడే వెర్మిక్యులైట్ అనే ఉబ్బిన ఖనిజం, మట్టిరంగు లేటెక్స్ పెయింటు సమపాళ్లలో కలిపి, వాటికంటే కొంత తక్కువగా తెల్ల బంక, బూజు పట్టకుండా మూతెడు క్రిమినాశిని చేర్చితే అది సిద్ధమవుతుంది. రంగు ముద్దలోనే ఉండటం దానిలోని గొప్ప సుగుణం. ఎప్పుడైనా పెచ్చు లేచినా లోపల కనిపించేది తెలుపు కాదు, మట్టే. మామూలు ప్లాస్టర్‌లో, లప్పంలో కూడా ముందే మట్టిరంగు కలుపుకోవచ్చునన్న సులువు తెలియక తెల్లని మచ్చలను ఏళ్ల తరబడి దిద్దుతూ ఉండేవారు తక్కువ కాదు.

పూత ఆరాక పరీక్ష పగటి వెలుగులో కాదు, చీకటి గదిలో చేయాలి. భవనాల రంగుల పనివారు లప్పం పెట్టిన గోడ పక్కన బల్బు పట్టుకుని చూసినట్టే, ఒక టార్చిని నేలకు సమాంతరంగా, అతుకుకు అడ్డంగా ప్రసరింపజేస్తే, పైనుంచి కనిపించని గట్టు, పల్లం నీడలుగా బయటపడతాయి. అవి కనిపిస్తే మళ్లీ గీకి, పలుచగా పూసి, అంచులను ముందుకంటే దూరం లాగాలి. సందు వెడల్పు 3 మి.మీ. అయినా దాన్ని మరుగుపరచే పూత రెండు మూడు అంగుళాలు పరుచుకోవలసిందే. ఆపైన ఫోమ్, లప్పం, ప్లాస్టర్ అన్న తేడా లేకుండా మొత్తం నేలకు ఒకే లేటెక్స్ మట్టిరంగు పూయాలి. ప్లాస్టర్ రంగును పీల్చుకుంటుంది, ఫోమ్ పీల్చుకోదు. ఈ మొదటి పూత ఆ తేడాను చెరిపేయకపోతే, తర్వాత వేసే పలుచని రంగులు అతుకు వెంట ముదురు చారగా తేలతాయి. గడ్డి చల్లితే అన్నీ దాగిపోతాయన్నది భ్రమే. పలుచని గడ్డి కింద గట్టు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

కొన్ని అతుకులను పూడ్చకుండా వాడుకోవచ్చు. పేర్చిన పలకల అడ్డగీతలను చెక్కి, కొంచెం వంకరలు పెట్టి, రాతి పొరలుగా చూపించడం పాత ఉపాయమే. పెన్నానది కోసిన గండికోట లోయలో పలకలు పేర్చినట్టుండే రాతిగోడలను నమూనాగా కట్టదలచినవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. విశాఖ నుంచి అరకు వైపు సొరంగాల గుండా సాగే కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని కట్టేవారు మాత్రం ఈ సోమరితనానికి లొంగకూడదు. అక్కడి తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న ఖోండలైట్ శిల ఒత్తిడికి, వేడికి రూపుమారినది, అందులో కనిపించే పట్టీలు మడతలు పడి, ఏటవాలుగా ఉంటాయి. అలాంటి కొండ మీద తిన్నని అడ్డగీతలు మిగిలితే ఆ ప్రాంతం తెలిసిన చూపరికి అది ఫోమ్ అతుకుగానే కనిపిస్తుంది.

అసలు పూడ్చకూడని సందు కూడా ఒకటుంది. ప్రదర్శనలకు తీసుకువెళ్లే నమూనాలను విడదీయగల భాగాలుగా కడతారు; ఆ భాగాల మధ్య అతుకు ఎప్పటికీ విడిపోయేలాగే ఉండాలి. ఇలాంటిచోట రెండు భాగాలను బిగించి, నడుమ వంటింట్లో వాడే పలుచని ప్లాస్టిక్ పొరను నిలిపి, ఒకవైపు నుంచి లప్పాన్ని ఆ పొరకు ఆనించి నింపుతారు. ఆరాక భాగాలను విడదీసి పొరను లాగేస్తే, రెండు అంచులూ ఒకదాని అచ్చులో మరొకటి పోసినట్టు కలుస్తాయి, మిగిలేది కాగితం మందపు గీత మాత్రమే. ఆ గీతను కంచెకో, కాలిబాటకో, పంటకాలువకో సరిహద్దుగా కేటాయించడం ప్రణాళిక దశలోనే జరగాలి. 1970లలో కాలిఫోర్నియాలో మొదలైన ఎన్‌ట్రాక్ వంటి ఏర్పాట్లలో వేర్వేరు ఊళ్ల సభ్యులు వేర్వేరుగా కట్టిన భాగాలను ఒకచోట కలుపుతారు కనుక, పట్టాల స్థానాలను కచ్చితంగా నిర్దేశించి, దృశ్యాన్ని కట్టేవారి ఇష్టానికి చాలావరకు వదిలేశారు. ఒకరి పచ్చికబయలు పక్కన మరొకరి ఎడారి మొదలైనా అక్కడ ఎవరూ తప్పుపట్టరు. జర్మనీలో 1981లో ఏర్పడిన ఫ్రెమో సభ్యులు వేరే దారి తొక్కి, భాగం చివర నేల ఏ ఆకారంలో ఉండాలో, గట్టు ఎంత ఎత్తుండాలో, పక్కకాలువ ఎంత లోతుండాలో కొన్ని ప్రామాణిక రూపాలుగా నిర్ణయించుకున్నారు. ఒకే రూపపు చివరలున్న రెండు భాగాలను బోల్టులతో బిగిస్తే, వాటిని కట్టినవారు ఒకరినొకరు ఎన్నడూ చూడకపోయినా, ఒకరి కాలువగట్టు మరొకరి కాలువగట్టుకు సరిగ్గా ఎదురుగా వస్తుంది.